రివర్స్‌లో జనగామకు

మహబూబాబాద్‌లో కారు ఆయిల్ మార్పించుకుంటుంటే ఆ మాట విన్నాను. మెకానిక్ బండి కింద పడుకొని ఉన్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చొని, ఎండలో కాసేపు నిలబెడితే బండి కదలడానికి వెనకాముందాడుతోందని చెప్తున్నాను. అతను కింద నుంచే, "గీ ఆటోమేటిక్ బండ్ల సంగతి నర్మెట్ట దుబాయన్నకే బాగ ఎరుక మేడం. పాపం, ఆయన గూడ పోయిండు గద మొన్న" అన్నాడు.

ఎట్లా పోయాడని అడిగాను. గుండెనొప్పని విన్నానన్నాడు. అంతకుమించి అతనికి తెలియదు. పని అయ్యాక నేను ఇంటికి పోలేదు. బండిని నర్మెట్ట దారి పట్టించాను.

నా ఎడమ కాలికి పోలియో. చిన్నప్పటి నుంచి ఇనుప పట్టీల చెప్పుతోనే నడక. జనగామ కాలేజీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో నర్మెట్ట నుంచి బస్సులో పోయేదాన్ని. బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకొని లాగాలి. కండక్టర్ మంచివాడైతే ఆగేవాడు, లేకపోతే నేను సగం ఎక్కగానే విజిల్ వేసేవాడు. క్లచ్ లేని బండి ఒకటుంటుందని, కుడికాలు ఒక్కటి చాలని తెలిశాక హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మేసిన ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇల్లు కదలడం నా బతుకులో అదే మొదటిసారి.

ఏడాది తిరగకముందే దానికి జబ్బు చేసింది. జనగామలో ఏ షెడ్డుకు తీసుకుపోయినా బానెట్ ఎత్తి చూసి మళ్లీ మూసేవాళ్లు. "గీ బండ్లు మాతోని కాదు, పట్నం తీస్కపోండ్రి" అనేవాళ్లు. అప్పుడే ఎవరో చెప్పారు, మా ఊరి పొలిమేరలోనే ఒకాయన ఉన్నాడని.

ఆయనది మా ఊరికి ఆనుకొని ఉన్న లంబాడా తండా. గల్ఫ్‌లో ఒక పెద్ద గ్యారేజీలో చాలాకాలం గేర్‌బాక్సుల పనే చేశాడు. అక్కడే కాగిన ఆయిల్ చిమ్మి కుడి కన్ను పోయింది. రెండో కన్ను కూడా మసకే. తిరిగొచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. అప్పటికి ఆటోమేటిక్ బండ్లు తక్కువ. అయినా భూపాలపల్లి బొగ్గుబాయి ఆఫీసర్లు, మహబూబాబాద్ మిల్లు యజమానులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. రాకపోతే ఆయనకు పట్టేది కాదు. ఒళ్లంతా గర్వమే. బేరమాడితే, "పట్నం పో, ఆడ ఏసీల కూసోబెట్టి మంచిగ కోస్తరు" అని మొహం తిప్పుకునేవాడు.

మొదటిసారి పోయినప్పుడు బండికి ఏమైందో నన్ను చెప్పనివ్వలేదు.

"పొద్దుగాల తియ్యంగనే ఎట్లుంటది?"

"మంచిగనే ఉంటది."

"జనగామ ఇంకా రాకముందుగాల?"

"అప్పుడే మొదలు పెడుతది. ఇంజన్ అరుస్తది గని బండి అందుకోదు. తర్వాత ఒక్కసారి గుంజుతది."

"రెండుల నుంచి మూడుకు పోయెటప్పుడేనా?"

నాకు తెలియదన్నాను. "తెలువదంటె మంచిదే" అన్నాడు. "కొందరు తెల్వకున్న చెప్తరు. వాళ్లతోనే పరేషాన్."

తర్వాత వెనక సీట్లో కూర్చున్నాడు. చూపు లేదు కాబట్టి బండి ఎప్పుడూ యజమానే నడపాలి. చెప్పులు బయటే విడిచి, ఉత్త పాదాలు రెండూ నేలకు ఆనించి, ఉన్న కన్ను కూడా మూసుకున్నాడు. నర్మెట్ట దాటి చాలాదూరం పోయాం. బండి వేడెక్కింది. ఇంజన్ ఒక్కసారి రొద పెట్టింది. "ఆఁ" అన్నాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ "ఆఁ" అన్నాడు. రోగి దగ్గినప్పుడు వైద్యుడు తల ఊపినట్టు ఉండేది అది. షెడ్డుకు వచ్చాక ఇంజన్ ఆపనివ్వకుండానే ఆయిల్ పుల్ల తీసి, తెల్ల ధోవతి పేలికకు తుడిచి, వాసన చూసి, ఆ పేలిక నా ముక్కు ముందు పెట్టాడు.

"ఏం వాసన?"

"మాడిన వాసన."

"కొత్త ఆయిల్ దానిమ్మ గింజ లెక్కుంటది. గిది సూడు, మరిగి మరిగి నల్లబడ్డ చాయ లెక్కున్నది. ముందుగాల గిది మారుద్దం. పెట్టె ఇప్పేది ఆఖరి మాట."

ఆ 'పెట్టె ఇప్పేది ఆఖరి మాట' అనేది ఆయన పద్ధతి. దానికొక కథ ఉంది, తన మీద తనే చెప్పుకునేవాడు. భూపాలపల్లి కాంట్రాక్టర్ ఒకాయన బండి టాప్ గేరులోకి పోవడం లేదని తెచ్చాడు. ఈయన లోపల ప్లేట్లు పోయాయని తేల్చి గేర్‌బాక్సు దించి, విప్పి పరిచాడు. ప్లేట్లు కొత్తవాటిలా ఉన్నాయి. మళ్లీ బిగించాడు. బండి మళ్లీ అంతే. చివరికి చూస్తే గేరు కడ్డీ పక్కనున్న చిన్న బటన్‌ను కాంట్రాక్టర్ మనవరాలు నొక్కి వదిలేసింది. అది నొక్కి ఉంటే బండి టాప్‌లోకి పోదు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ కొంత మారేది. ఒకసారి ఆ పిల్లకు మూడేళ్లు, ఒకసారి ఐదు. తను తల బాదుకున్న తీరు మాత్రం మారేది కాదు.

నా బండికి ఆయిల్ మార్చాడు, ఆయిల్ వడగట్టే జాలీ మార్చాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. మళ్లీ మొదలైంది. గేరు కడ్డీ నుంచి పోయే తీగ సరిచేశాడు. ఆ తర్వాత వైర్ల మూతులు ఒక్కొక్కటే ఊడదీసి తుడిచాడు. ప్రతిసారీ ఆ వెనక సీటు, ఆ పాదాలు, ఆ "ఆఁ". ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు, మేడం దుబాయన్నను షికారు తిప్పుతోందని.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నర్మెట్టలో రోడ్డు మీదే శిబిరం ఉండేది. ఆయన సాయంత్రం పని ఆపి చేతులకు ఇసుక రుద్దుకొని అక్కడికే పోయేవాడు. మాట్లాడమంటే ఎప్పుడూ ఒకే సంగతి చెప్పేవాడు. గల్ఫ్ గ్యారేజీలో ఆయన మీది ఫోర్‌మన్ కోస్తావాడు. ఈయన 'గిదేంది' అంటే చాలు, నలుగురిని పిలిచి మళ్లీ అనిపించుకొని నవ్వేవాడట. "సినిమాల జోకరు మాట్లాడినట్టు ఉన్నదట నా మాట. ఇంట్ల నా మాట వేరే. గది గూడ కాదని నేర్సుకున్న తెలుగు గిది. గిది గూడ వాడు నవ్వబట్టె. నేనేడికి పోవాలె?" అనేవాడు. ఎవరూ చప్పట్లు కొట్టేవాళ్లు కాదు. అందరూ నేలకేసి చూసేవాళ్లు.

సమ్మె మొదలైంది. కాలేజీ మూసేశారు. బస్సులు ఆగాయి. సరిగ్గా అప్పుడే ఆయన నా బండి గురించి ఆఖరి మాట చెప్పాడు.

"ఇగ లోపలనే మేడం. ముందుకు గుంజే ప్లేట్లు అరిగినయి. సామాను పట్నం నుంచి రావాలె, లారీలు బందున్నయి. అప్పటిదాక బండి వాకిట్ల నుంచి తియ్యకు. తీస్తివా, ఏడనో ఒకాడ మొత్తమే కూసుంటది."

బండి మీద పాత దుప్పటి కప్పి పోయాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. చిట్యాల దగ్గరి తండాకు ఇచ్చారు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆ పిల్ల గురించి మాట్లాడేటప్పుడే ఆయన గొంతులో ఆ గర్వం వినిపించేది కాదు. "మా పిల్లకు నా లెక్క కాదు, తెలివి ఎక్కువ. పది పాసైంది" అనేవాడు, పక్కవాళ్లకు వినపడకుండా.

ఒక మధ్యాహ్నం మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చెప్పుల్లేవు.

"మేడం, బండి తియ్యాలె."

"నువ్వే తియ్యొద్దంటివి గద అన్నా."

"అన్న. ఇప్పుడు తియ్యమంటున్న. బిడ్డకు పొద్దుగాల నుంచి నొప్పులు. ఉమ్మనీరు పోయింది. అంబులెన్స్‌కు ఫోన్ కొడితే చౌరస్తా కాడ లారీల నడుమ ఇరికిందంటున్నరు. అస్తదో రాదో. ఎందుకన్న మంచిది, నీ బండి తండ కాడ పెట్టుకుందం. రాకపోతే అప్పుడు సూద్దం."

చౌరస్తాలో ట్రాక్టర్లు అడ్డం పెడితేనే రోడ్డు గట్టిగా ఆగుతుందని శిబిరంలో అన్నది ఆయనే. తండాలో ఉన్న ట్రాక్టర్లన్నీ అక్కడికే పోయాయి. ఒక ఆటో ఉంటే అది డీజిల్ లేక మూలకు పడి ఉంది.

తండాకు బండి నెమ్మదిగానే పోయింది. ఇంటి ముందు ఆపాను. లోపలి నుంచి ఆ పిల్ల అరుపులు వినిపిస్తున్నాయి. ఆయన లోపలికి పోయాడు. తండ్రీ కూతుళ్లు వాళ్ల భాషలో గట్టిగా మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది, ఆమెది తెగిపోతున్నట్టుంది. కాసేపటికి బయటికి వచ్చి, నా మొహం చూడకుండా, "పోదం పా మేడం" అన్నాడు.

తల్లి ఒడిలో తల పెట్టి ఆ పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టారు. ఆయన నా పక్కన కూర్చున్నాడు. చౌరస్తా తప్పించి చెరువు వెనకనుంచి డొంక దారి చూపించాడు. "రెండుల పెట్టు. మూడుకు పోనియ్యకు. కాలు మెల్లగ ఆనియ్యి. గట్ల కాదు, ఇంక మెల్లగ" అని చెప్తూనే ఉన్నాడు. జనగామ రోడ్డెక్కాం. ఎండ నిప్పులా ఉంది. రోడ్డంతా ఖాళీ. మాడిన వాసన బండి లోపలికే రావడం మొదలైంది. ఆయనకూ వచ్చింది, నాకూ వచ్చింది.

జనగామ ఇక దగ్గర్లోనే ఉందనగా ఇంజన్ ఒక్కసారిగా అరిచింది. బండి మాత్రం తన దారిన తను మెల్లబడి ఆగిపోయింది. కడ్డీని అటూ ఇటూ జరిపాను. ఏ గేరులోనూ ముందుకు కదలలేదు. వెనక సీట్లో ఆ పిల్ల పళ్లు బిగించిన చప్పుడు వినిపించింది.

ఆయన ఉత్త పాదాలు రెండూ నేలకు ఆనించి చూశాడు. తర్వాత, "రివర్స్‌ల పెట్టు" అన్నాడు.

పెట్టాను. బండి వెనక్కి కదిలింది.

"వెనుకకు గుంజేటియి వేరే ప్లేట్లు. అవి మంచిగనే ఉన్నయి" అన్నాడు. "తిప్పు మేడం."

రోడ్డు పక్కన వడ్లు ఆరబోసే ఖాళీ జాగా ఉంది. అందులోకి వెనక్కి పోనిచ్చి, అట్లాగే వెనక్కి వెనక్కి గుండ్రంగా తిప్పి, బండి వీపును జనగామ వైపు పెట్టి రోడ్డెక్కించాను. ఆయన తలుపు సగం తెరిచి బయటికి వంగాడు. ఆ ఒక్క మసక కంటితో ఏం కనిపించిందో, "ఎడమకు... ఇంక జర ఎడమకు... సీదా రానియ్యి" అని అరుస్తూ పోయాడు.

వెనక్కి నడపాలంటే మెడ తిప్పి వెనకద్దంలోంచి చూడాలి. అద్దం కంటే ముందు నాకు కనిపించేది ఆ పిల్ల మొహం. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. ఒకసారి నొప్పి ఆగిన సందులో, "నన్ను సూడకక్కా. తొవ్వ సూడు" అంది. నా మెడ పట్టేసింది. పట్టీ కట్టిన కాలు మొద్దుబారింది. కూతురు మొహం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నేను మాత్రం దారి పొడవునా చూస్తూనే ఉన్నాను.

జనగామ మొదట్లో రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. పొయ్యిలు పెట్టి గుండిగల్లో అన్నం వండుతున్నారు. వెనక్కి నడుచుకుంటూ వస్తున్న కారును చూసి కొందరు నవ్వారు. ఆయన సగం బయటికి లేచి నిలబడి, "కాన్పు, కాన్పు" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. మగవాళ్లు తువ్వాళ్లు చేతులకు చుట్టుకొని ఉడుకుతున్న గుండిగను పట్టి పక్కకు జరిపారు. ఒకావిడ కాళ్లతోనే పొయ్యిలో కట్టెలను తోసేసింది. జనం బండికి రెండు పక్కలా నడుస్తూ సర్కారు దవాఖాన గేటు దాకా దారి ఇచ్చారు.

డాక్టర్లు ఉన్నారు. వెంటనే లోపలికి తీసుకుపోయారు. పిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. తల్లి బతికింది.

బండి గేటు పక్కనే పొగ కక్కుతూ నిలబడి ఉంది. ఆయన బయటికి వచ్చి ఆ సంగతి నాకు చెప్పి, ఎక్కడి నుంచో ఒక చెంబు తెచ్చాడు. "జర నీళ్లు తాగు మేడం. ఎండల తిరిగినవ్" అన్నాడు. నేను తాగేదాకా నిలబడి, చెంబు తీసుకొని లోపలికి పోయాడు.

సమ్మె అయిపోయాక సామాను వచ్చింది. బండిని ట్రాక్టరుకు కట్టి షెడ్డుకు లాక్కుపోయారు. గేర్‌బాక్సు విప్పిన రోజు నన్ను పిలిపించాడు. గోనెసంచి మీద ప్లేట్లు వరసగా పేర్చి ఉన్నాయి. ముందుకు లాగేవి బొగ్గులైపోయాయి. ఒకటి చేతిలోకి తీసుకొని, దాని వైపే చూస్తూ అన్నాడు.

"అంబులెన్స్ తండకు వచ్చిందట మేడం. మనం పోయిన జర సేపటికే. మనం డొంకల పోతిమి, అది రోడ్డు మీద వచ్చె."

"ఎవరికెరుక అన్నా" అన్నాను.

"నేనే తొందరపడ్డ. జర ఆగితే పిల్లగాడు దక్కుతుండె. బండి నడువదని నాకు ఎరుకనే." ప్లేటును కింద పెట్టాడు. "బండయితే మల్ల ఒక్కసారి నడిపి సూస్తం. గిట్ల చేస్తె ఏమైతది, గట్ల చేస్తె ఏమైతది. గిది ఎట్ల సూడాలె?" చేతులు పేలికకు తుడుచుకొని, "అంబులెన్స్ వచ్చిన సంగతి బిడ్డకు తెలువొద్దు. తెలిస్తె బతుకదు" అన్నాడు.

బండి బాగైంది. గేరు మారినట్టే తెలియనంత మెత్తగా బాగైంది. ఆయన మాత్రం మారిపోయాడు. ఒకప్పుడు బండి దిగకముందే జబ్బు పేరు చెప్పేవాడు. ఇప్పుడు ఎవరైనా వస్తే, "ఆయిల్ కావొచ్చు. వైరు కావొచ్చు. లోపల గూడ కావొచ్చు" అనేవాడు. చెప్పిన మాట మీద నిలబడేవాడు కాదు. పొద్దున ఒకటి చెప్పి సాయంత్రం ఆ ఇంటికే నడిచిపోయి, అది కాదేమో అనేవాడు. విసిగి జనం రావడం తగ్గించారు. శిబిరానికి పోవడం కూడా మానేశాడు. కూతురు చిట్యాల నుంచి ఫోన్ చేస్తే ఎత్తి, గొంతు వినగానే భార్య చేతికి ఇచ్చేవాడు. ఆమె ఇంటికి వస్తే ఆయనకు షెడ్డులో ఏదో పని తగిలేది. తర్వాత ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది, చక్కగా పెరిగింది. మనవరాలిని ఎత్తుకొని షెడ్డంతా తిప్పేవాడు. ఆ పిల్లను తల్లికి ఇచ్చేటప్పుడు మాత్రం మంచం మీద కూర్చోబెట్టి పక్కకు జరిగేవాడు.

రాష్ట్రం వచ్చిన రోజు నర్మెట్టలో పటాకులు కాల్చారు, రంగులు చల్లుకున్నారు. ఆయనను వెతుక్కుంటూ మిఠాయి తీసుకొని షెడ్డుకు పోయాను. లోపల ఒక్కడే కూర్చొని నట్లు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. మిఠాయి తిన్నాడు. "మంచిగైంది మేడం. వచ్చింది గద" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదని అనను. అయితే అది ఎవరి ఇంట్లోనో పెళ్లి బాగా జరిగిందని విన్నవాడి సంతోషంలా ఉంది. ఆ తర్వాత నాకు మహబూబాబాద్ బదిలీ అయింది. పండుగలకు ఫోన్ చేసేదాన్ని. "బండి మంచిగున్నదా" అని అడిగేవాడు. అంతకు మించి మాటలుండేవి కావు.

మహబూబాబాద్ నుంచి తండాకు చేరేసరికి ఎండ వాలుతోంది. ఇంటి ముందు టెంటు ఇంకా తీయలేదు. కూతురు నన్ను చూసి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది. చాయ తెచ్చింది. నిద్రలోనే పోయాడని చెప్పింది. చాలాసేపు ఆయన ముచ్చట్లే చెప్పుకున్నాం. కాంట్రాక్టర్ మనవరాలి కథకు ఇద్దరం నవ్వాం కూడా. తర్వాత ఆమె గొంతు తగ్గించింది.

"అక్కా, ఆ దినం సంగతి బాపు నీతోని ఎన్నడన్న మాట్లాడిండా?"

"ఒక్కసారి" అన్నాను.

"ఏమన్నడు?"

ఆయన పోయాక దాచి ఏం లాభం అనిపించింది. "అంబులెన్స్ వచ్చిన సంగతి నీకు తెలువొద్దన్నడు."

"తండ తండంత సూసింది అంబులెన్సును. నాకెట్ల తెలువకుంటది అక్కా" అంది. "ఇంకేమన్నడు?"

"తనే తొందరపడ్డ అన్నడు. తను ఆగితే పిల్లగాడు దక్కుతుండె అన్నడు. గదే మనసుల పెట్టుకున్నడు."

ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టింది. నా వైపు చూసింది. ఆ రోజు వెనక సీట్లోంచి చూసిన కళ్లు.

"గట్లన్నడా?"

తల ఊపాను.

"నీకు మా మాట సమజ్ కాలే గద అక్కా ఆ దినం. ఆగు బిడ్డా, ఆ బండి నడువదు, అంబులెన్స్ అస్తది, నా మాటిను అని బాపు చేతులు పట్టుకొని బతిలాడిండు. నేనే ఇనలే. నన్ను తీస్కపో, ఇప్పుడే తీస్కపో అని నేనే ఒర్లిన."

కింద పెట్టిన గ్లాసును ఆమె ఇంకా పక్కకు జరిపింది.

"నా మీద కోపానికే మాట్లాడుతలేడనుకున్న" అంది. "గిన్నేండ్లు."

లోపలి నుంచి తల్లి పిలిచింది. ఆమె లేవలేదు.